నిబంధన ఒకటే, ఈలలు రెండు రకాలు

భారత బాస్కెట్‌బాల్ సమాఖ్య పెద్దలకు, భిలాయ్‌లోని కోహ్కా నుంచి రాస్తున్నాను.

ఉక్కు కర్మాగారంలో ఉద్యోగాలకొచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు చాలామంది ఉన్న ఊరు మాది. దివంగత కోచ్ రాజేశ్ పటేల్ గారి శిక్షణలో ఇక్కడి అమ్మాయిలు జాతీయ పోటీల్లో పతకాలు తెచ్చారు. అలాంటి చోట ఈల పట్టే మనిషిగా మీకొక విన్నపం.

ఒక అమ్మాయి పరుగులో పాస్ అందుకుంటుంది. బంతి చేతికి చిక్కేసరికి కుడి పాదం నేల మీదుంది. తర్వాత ఎడమ, మళ్లీ కుడి, లేఅప్. అవతలి బెంచీ మొత్తం ‘ట్రావెలింగ్’ (బంతి పట్టుకుని ఎక్కువ అడుగులు వేసింది) అని లేస్తుంది. 2017 అక్టోబరు నుంచి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య (ఫిబా) నిబంధనల ప్రకారం ఆ మొదటి పాదం లెక్కలోకి రాదు, ఆ తర్వాతి రెండడుగులే లెక్క. సరే, బంతి అదుపులోకి వచ్చిన క్షణం ఏది? వేళ్లకు తగిలినప్పుడా, చేతిలో ఆగినప్పుడా? ఇక్కడే ఇద్దరు రిఫరీలు రెండు రకాలుగా ఈల వేస్తారు. నష్టపోయేది ఆ పిల్ల.

రిఫరీకి విచక్షణ ఉండకూడదని నేననను. నిబంధన వెనకున్న ఉద్దేశం, ఆటగాళ్ల మధ్య జరిగిన తాకిడి వల్ల ఎవరికి లాభం కలిగింది, ఆటగాళ్ల స్థాయి ఏమిటి, ఇవన్నీ తూచి చూడమని ఫిబా పుస్తకమే చెబుతోంది. పన్నెండేళ్ల పిల్లల ఆటనూ జాతీయ ఫైనల్‌నూ ఒకే కంటితో చూడలేం. అయితే నిబంధనను మార్చే అధికారం మాత్రం మాకు లేదు, అది ఫిబాదే. 2014లో చైనాలోని వుహాన్‌లో జరిగిన ఆసియా కప్‌లో మన జట్టులోని సిక్కు ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్, అమ్‌జ్యోత్ సింగ్ తలపాగాలు తీసి ఆడాల్సి వచ్చింది. ఆటగాళ్లకు గాయాలు కాకూడదని పెట్టిన నియమం వాళ్ల ఆత్మగౌరవం మీదికొచ్చింది. దాన్ని మార్చడానికి ఫిబాకు 2017 దాకా పట్టింది. పైనుంచి రావలసిన స్పష్టత ఆలస్యమైతే దెబ్బ ఎవరికి తగులుతుందో అక్కడే చూశాం.

అందుకే అడుగుతున్నాను. నిబంధనలకు తోడుగా, ఉదాహరణలతో ఫిబా విడుదల చేసే అధికారిక వివరణలను హిందీలో, తెలుగులో, మిగతా భాషల్లో చిన్న వీడియోలతో సహా జిల్లాల దాకా పంపండి. పోటీలు మొదలయ్యే ముందు రోజు రిఫరీలు, కోచ్‌లు కలిసి కూర్చుని వాటిని చూడాలన్న నియమం పెట్టండి. అన్నీ ఒకేసారి కుదరకపోతే వచ్చే సీజన్ లోపు ట్రావెలింగ్, చార్జింగ్ (ఎదుటి ఆటగాడిని ఢీకొట్టడం), ఈ రెండింటితోనైనా మొదలుపెట్టండి.

ఇట్లు,
కోహ్కా నుంచి ఒక రిఫరీ