‘మాట్లాడుతున్నాడు’ అంటే సరిపోదు

తలకు దెబ్బ తగిలిన మనిషిని ఆసుపత్రికి తెచ్చినవారు మొదట చెప్పే మాట ఒకటే: “స్పృహలోనే ఉన్నాడు సార్, మాట్లాడుతున్నాడు.” రిఫరల్ చీటీ మీద కూడా తరచుగా ఇంతే ఉండేది. స్పృహ మెట్లు మెట్లుగా తగ్గుతుంది. రోగి ఏ సమయాన ఏ మెట్టు మీద ఉన్నాడో రాయని చీటీ నా దృష్టిలో సగం చీటీయే.

ఈ మెట్లను కొలిచే పద్ధతిని గ్లాస్గో వైద్యులు టీస్‌డేల్, జెనెట్ 1974లో ప్రకటించారు. దీనికి యంత్రం అక్కరలేదు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, అవయవాల కదలికకు 6, మొత్తం 15 మార్కులు. ఏ స్పందనా లేనివారికి సైతం 3 వస్తాయి. (సున్నా వేసి చీవాట్లు తిన్న వైద్య విద్యార్థులను చాలామందిని చూశాను.) 13 పైన స్వల్పం, 9 నుండి 12 మధ్యస్థం, 8కి దిగితే తీవ్రం.

మాట సంగతే చూడండి. తానున్నది వరంగల్ అని, ఇది ఫలానా నెల అని సరిగా చెబితే 5. వాక్యాలు పలుకుతూనే తడబడితే 4. పొంతన లేని విడి మాటలైతే 3. బంధువులకు మాత్రం ఈ మూడూ ‘మాట్లాడటమే’.

ఒక్కసారి కొలిస్తే చాలదు. పుర్రెకూ మెదడు పొరకూ నడుమ రక్తం చేరుతున్నప్పుడు రోగి కొన్ని గంటలు మామూలుగానే ఉండవచ్చు. నటి నటాషా రిచర్డ్‌సన్ 2009లో కెనడాలో మంచుపై పడి, బాగానే ఉన్నానని అంబులెన్స్‌ను పంపివేశారు. రెండు రోజులకే మరణించారు. ఏటూరునాగారంలో 15 ఉన్న రోగి ఎంజీఎం చేరేసరికి 12కు పడిపోతే, ఆ మూడు మార్కుల పతనమే అన్నిటికన్నా పెద్ద సమాచారం. అక్కడ రాయకపోతే ఇక్కడి వైద్యునికి అది ఎలా తెలుస్తుంది?

మద్యం వాసన మరో ఉచ్చు. ఒక రాత్రి నేనూ అందులో పడ్డాను. మత్తు దిగనిమ్మని ఒక యువకుణ్ణి గంటసేపు పక్కన ఉంచాను. తిరిగి చూసేసరికి అతని ఒక కంటిపాప పెద్దదైపోయింది. తాగినవాడి తల కూడా పగులుతుంది. మగతను గాయం వల్ల వచ్చినదిగానే ముందు భావించాలి.

ఇంటికి పంపినా తొలి 24 గంటలు ఒకరు తోడుండండి. మళ్లీ మళ్లీ వాంతులు, పెరిగే తలనొప్పి, మూర్ఛ, చెవి నుండో ముక్కు నుండో నీరు, లేపినా లేవని మగత, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. రక్తం పలుచబడే మాత్రలు వాడే వృద్ధులను, చిన్న దెబ్బే అయినా, ఆసుపత్రిలో చూపించండి. వెళ్లేటప్పుడు చీటీ వెనుక రాసుకోండి: దెబ్బ తగిలిన సమయం, పిలిస్తే కళ్లు తెరిచిన సమయం, చివరగా సరిగా మాట్లాడిన సమయం.