టాప్ లేని బండి, ఏడాదికోసారి వచ్చే డబ్బు

మా వారికీ మా అబ్బాయికీ కలిసి ఒకే ముచ్చట పుట్టింది: గుడ్డ టాప్ ఉన్న పాత థార్ సెకండ్ హ్యాండ్‌లో కొందామని. ముచ్చటను నేను కాదనను. కానీ మన నూజివీడు వైపు తోట డబ్బు ఏడాదికోసారి వస్తుంది, బండి ఖర్చు నెలనెలా వస్తుంది.

అసలు టాప్ తీసి తిరిగేదెప్పుడు? రసాలు, బంగినపల్లి కోతకొచ్చే ఏప్రిల్, మే నెలల్లో మాడు పగిలే ఎండ, సాయంత్రమైతే గాలివాన. జూన్ నుంచి వానలు. మిగిలేవి చలికాలపు పొద్దులే. ఈలోగా ఎండకు గుడ్డ, రబ్బరు పాడవుతాయి. నీళ్ళు దిగితే కింద రేకు తుప్పు పడుతుంది.

అందుకని బేరానికి ముందే టాప్ మీద పైపుతో నీళ్ళు కొట్టించి, లోపల మ్యాట్ ఎత్తి చూడండి. ఆర్‌సీలో ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి రాకుండా డబ్బు ఇవ్వకండి. 2010లో వచ్చిన తొలి థార్లకు 2025తో 15 ఏళ్ళు నిండాయి. అలాంటి బండికి ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.

ఇవన్నీ సరిపోయినా ఇంట్లో అడగాల్సింది ఒకటుంది. పూత రాలిపోయిన ఏడాది కూడా ఈ బండిని పోషించగలమా? గలమంటే కొనండి, ముందు సీటు నాదే. బంగారం తాకట్టు పెట్టి చూసుకుందాం అంటే మాత్రం వద్దనండి. ఆ బంగారం మన ఒంటి మీదదే కదా!