పులి-మేక యాప్‌లో రూల్స్ ఎవరివి?

పులి-మేక యాప్స్ ప్లే స్టోర్‌లో చాలానే ఉన్నాయి. రివ్యూల్లో అందరూ గ్రాఫిక్స్, యాడ్స్ గురించే తిడతారు. నా కంప్లయింట్ వేరు. పులి ఎట్లా కదలాలో ముందే చెప్పే యాప్ నాకు ఇంతవరకు కనపడలేదు.

మనవైపు ఎక్కువగా గీసే పటంలో 23 పాయింట్లు, 3 పులులు, 15 మేకలు. నల్లగొండ అయినా పాలమూరు అయినా, అరుగు మీద సుద్దముక్కతో గీసి, మేకలకు చింతగింజలు, పులులకు గులకరాళ్లు పెడితే ఆట రెడీ. పక్కన మేక ఉండి, దాని అవతల పాయింట్ ఖాళీగా ఉంటే పులి దూకి తినేస్తుంది. ఇక్కడిదాకా గొడవ లేదు.

అసలు లొల్లి గీత వంగిన కాడ మొదలవుతుంది. త్రిభుజం కొన మీద మేక ఉందనుకోండి. ఒక ఏటవాలు గీత మీద ఉన్న పులి, కొన మీదుగా దూకి ఇంకో గీత మీద దిగొచ్చా? సూటిగానే దూకాలంటే కొన మీది మేకను ఎవరూ తినలేరు. అట్లాంటి పాయింట్లు లెక్కబెట్టాను: కొన ఒకటి, అడ్డంగా ఉన్న దీర్ఘచతురస్రం మూలలు నాలుగు, త్రిభుజం అడుగు మూలలు రెండు. మొత్తం 7. వంకర దూకుడు ఒప్పుకుంటే ఆ ఏడు కోటలూ పోతాయి. చిన్న రూల్ కాదు, ఆటే మారిపోతుంది.

కోడ్ రాసేవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. ఏ పాయింట్ పక్కన ఏ పాయింట్ ఉందో మాత్రమే గ్రాఫ్‌లో పెట్టుకుంటే, పులి వంకరగా కూడా దూకేస్తుంది. ఏ మూడు పాయింట్లు ఒకే గీత మీద ఉన్నాయో విడిగా రాయాలి. డెవలపర్ బద్ధకించాడా, లేక వాళ్ల ఊర్లో అట్లనే ఆడతారా? ఆడేవాడికి తెలిసే దారి లేదు.

ఇంకో రెండున్నాయి. 15 మేకలూ దిగకముందే మేకను కదపొచ్చా? మా ఇంట్లో కుదరదు. మా రూమ్మేట్ వాళ్లింట్లో కుదురుతుందట. కదపొచ్చంటే తప్పు చోట పెట్టిన మేకను వెనక్కి లాక్కోవచ్చు, పులికి వేట కష్టం. ఇక పులి ఒకే ఎత్తులో వరసగా రెండు మేకల్ని తినొచ్చా? తినొచ్చంటే ఒకటి విడిచి ఒకటి పెట్టే మేకల వరస నేరుగా పులి ప్లేటులోకే.

చదరంగానికి రాసిపెట్టిన రూల్‌బుక్ ఉంది. అయినా 1974 క్యాండిడేట్స్ ఫైనల్‌లో, కార్పోవ్‌తో 21వ గేమ్ ఆడుతూ కోర్చ్‌నోయ్ అంతటోడు ఆర్బిటర్‌ని అడిగాడు: ఏనుగు మీద దాడి ఉంటే క్యాజిలింగ్ చేయొచ్చా అని. చేయొచ్చు. రాజు మీద చెక్ ఉండకూడదు, రాజు దాటే గడి మీదా దిగే గడి మీదా దాడి ఉండకూడదు, అంతే. ఆయనకు అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. మన యాప్‌లో మేక మాయమైతే ఎవర్ని అడగాలి?

కచ్చీరు కాడ ఆడినప్పుడు గొడవైతే ఒక పెద్దాయన తీర్పు చెప్పేవాడు, నచ్చకపోతే గింజలు చెరిపేసేవాళ్లం. యాప్ డిఫాల్ట్‌కు ఎదురు చెప్పలేం. ఫోన్‌లోనే ఆట నేర్చుకున్న పిల్లగాడు రేపు తాతతో కూర్చుంటే, తాతదే తప్పంటాడు. అందుకే ఏదో ఒక రూల్‌ని స్టాండర్డ్ చేసేయమని నేను అడగను. సెట్టింగ్స్‌లో మూడు స్విచ్‌లు పెట్టండి: వంకర దూకుడు, ముందే కదపడం, వరస వేట. తెలుగులో రాయండి. ఆన్‌లైన్ మ్యాచ్ అయితే మొదటి మేక దిగకముందే ఇద్దరి స్క్రీన్ మీదా చూపించండి. పెద్ద పనేం కాదు, ఒక వీకెండ్ చాలు.