సినిమా గడపకు ఇవతల

తెలుగులో పాటంటే సినిమా పాటే అనుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. రామ్ మిరియాల గొంతు నేను మొదట విన్నది 2021లో, ‘జాతిరత్నాలు’ చిత్రంలోని చిట్టి పాటలో. ఆరా తీస్తే, అంతకు ముందే ఆయన హైదరాబాదు బృందం ‘చౌరస్తా’లో పాడారని తెలిసింది. పట్నంతో విసిగినవాడు ఊరికి తిరుగుప్రయాణం కట్టే పాట వాళ్ళది. అది అన్నాళ్ళూ నా చెవిన పడకపోవడం పాట తప్పు కాదు.

సినిమా పాట కథ అడిగిన సందర్భానికి పుడుతుంది. ఇటువంటి బృందాల పాటకు పాడేవాడి బతుకే సందర్భం. ఒకప్పుడు సినిమాకు వెలుపల పాటకు చోటిచ్చినవి ఆకాశవాణి లలితగీతాలు. నేడు ఆ పని ఈ బృందాలది.

తెలుగువాళ్ళే కానక్కరలేదు. బెంగుళూరు ‘అగం’ బృందం త్యాగరాజ కృతి ‘మనవ్యాలకించరాదటే’ను గిటార్లు, డ్రమ్ముల నడుమ పాడింది. సంప్రదాయజ్ఞులు నొచ్చుకోవచ్చు గానీ, నా మటుకు నాకు నళినకాంతి చెక్కుచెదరలేదనిపించింది. ఢిల్లీకి చెందిన ‘బ్లడీవుడ్’ 2022 నాటి ‘రక్షక్’ ఆల్బంలో ఢోలును హెవీ మెటల్‌తో కలిపింది. ఆ హోరు మొదటిసారి తలనొప్పి, మూడోసారి ఉత్సాహం.

సినిమా పిలిచేదాకా ఆగకుండా ఇటువంటివారిని వినాలని నా మనవి. వినేవాళ్ళు కరువైతే వీళ్ళూ ఆ గడప తొక్కక తప్పదు. అందులో తప్పు లేదు, అక్కడ కూడు దొరుకుతుంది. తమ మాట తాము పాడుకునే చోటే దొరకదు.