కప్పు కొట్టిన టీమే ఎందుకు కూలింది?

2019-20 ఐఎస్ఎల్‌ల హైదరాబాద్ ఎఫ్‌సీది ఆఖరి స్థానం. రెండేండ్లకే, 2022 మార్చి 20న, ఫటోర్డల కేరళ బ్లాస్టర్స్‌ను కొట్టి కప్పు ఎత్తింది. పెనాల్టీలల్ల గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపిండు. గోల్స్ ఒగ్బెచె కొట్టిండు, నిజమే. గని కోచ్ మనోలో ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి పోరగాళ్లను నమ్మి ఆడిపిచ్చిండు, అసలు బలం గదే.

మరి 2023-24ల ఏమైంది? జీతాలు ఆగినయ్, ఆటగాళ్లు ఎల్లిపోయిన్రు. 22 మ్యాచులల్ల ఒక్కటే గెలుపు, మల్ల అట్టడుగుకే. మిర్యాలగూడ రైస్‌మిల్లుల బస్తాలు మోసిన హమాలీకి కూలియ్యకపోతే తెల్లారి పనికొస్తడా? బంతి తన్నేటోడికి మాత్రం కడుపు లేదా? తప్పు కోచ్‌ది కాదు, పైసలు ఆపినోళ్లది.

2025ల టీమ్ ఢిల్లీకి పోయింది. సూర్యాపేట, కోదాడ పిల్లలకు ఐఎస్ఎల్‌ల మనదని చెప్పుకునే టీమే లేకుంటైంది.