మాట్లాడటానికి మనిషి కావాలి

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక ఒక చెల్లెలు మా దగ్గరకు వచ్చి తన ఫోను మా చేతికిచ్చింది. అందులో ఐఇఎల్‌టీఎస్ పరీక్ష ఫలితం ఉంది. వినడంలో 7, చదవడంలో 7, రాయడంలో 6.5, మాట్లాడటంలో 6.5. అన్నీ కలిపి 7. బాగానే వచ్చింది కదమ్మా అన్నాం. "లేదయ్యగారూ, పోయింది" అంది. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే అక్కడి నర్సింగ్ కౌన్సిల్ రాయడంలో 6.5 చాలంటుంది గానీ, మాట్లాడటంలో 7 ఉండాలంటుంది. అర బ్యాండు తక్కువైంది. 17 వేల రూపాయలు దాటిన ఆ ఫీజును వాళ్ళ నాన్న వడ్డీకి తెచ్చి కట్టాడు.

ఆ చెల్లెలిది ఆరంబాక్కం. తమిళనాడులో తిరువళ్ళూరు జిల్లా చివర, జాతీయ రహదారి పక్కన ఉన్న ఊరు. సూళ్లూరుపేట వైపు పోయే లోకల్ రైలెక్కితే తరువాతి స్టేషను తడ, అంటే ఆంధ్ర. ఆమె ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది. బడిలో తమిళంలో చదువుకుంది. చెన్నై ఆసుపత్రిలో బెంగాలు నుంచి వచ్చే రోగులతో హిందీలో నెట్టుకొస్తుంది. మూడు భాషల్లో రోగి బాధ అడిగి తెలుసుకోగల ఆ బిడ్డ, "నాకు భాష రాదయ్యగారూ" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు వదలలేదు. అందుకే ఇది రాస్తున్నాం.

ముందు ఆ పరీక్ష ఏమిటో చూద్దాం. మాట్లాడే పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది. మొదట మన ఊరు, పని, ఇష్టాల గురించి మామూలు ప్రశ్నలు. తరువాత ఒక కార్డు ఇస్తారు. ఒక్క నిమిషం ఆలోచించుకుని, రెండు నిమిషాల వరకు ఆగకుండా మాట్లాడాలి. చివర అదే విషయంపై కొంచెం లోతైన చర్చ. చూసేవి నాలుగు: ధారాళంగా, పొందికగా మాట్లాడటం, పదాల వాడుక, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమాన విలువ. ఉచ్చారణ అంటే ఇంగ్లీషువాళ్ళ యాస కాదు. మన యాస మనకున్నా, ఎదుటివారికి ఇబ్బంది లేకుండా అర్థమైతే చాలు.

ఈ సంగతి చెల్లెలికి ఎవరూ చెప్పలేదు. శిక్షణకు వెళ్ళిన చోట అరవై జవాబులు అచ్చువేసి ఇచ్చి బట్టీ పట్టమన్నారు. ఆమె పట్టింది. పరీక్షలో కార్డు మీద వేరే ప్రశ్న వచ్చింది. బట్టీ పట్టిన ముక్కలు అతకలేదు, సొంత మాట రాలేదు. బట్టీ జవాబును పరీక్షకులు ఇట్టే గుర్తుపడతారు. అందుకు మార్కులు తగ్గుతాయే గాని పెరగవు.

"నువ్వు రోజూ ఎవరితో ఇంగ్లీషు మాట్లాడతావమ్మా?" అని అడిగాం. కాసేపు ఆలోచించి, "ఎవరితోనూ లేదయ్యగారూ" అంది.

సమస్య అంతా అక్కడే ఉందని మా అభిప్రాయం. చదవడం ఒంటరిగా నేర్చుకోవచ్చు. మాట్లాడాలంటే ఎదుట ఒక మనిషి కూర్చోవాలి. ఓపికగా వినాలి. డబ్బున్న ఇళ్ళలో ఆ మనిషి అన్నయ్యో, మేనమామో, బడిలో టీచరో అయి ఉంటారు. మన కూలీల ఇళ్ళలో ఎవరుంటారు?

రెండు వందల ఏళ్ళ కిందట ఇదే మద్రాసులో భాషా పరీక్ష తిరగబడి ఉండేది. ఈస్టిండియా కంపెనీ 1812లో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టి, ఇంగ్లండు నుంచి వచ్చిన కుర్ర ఉద్యోగులకు తెలుగు, తమిళం నేర్పించి పరీక్షలు పెట్టింది. 1817లో మద్రాసులో దిగిన సి.పి. బ్రౌన్ అక్కడే తెలుగు మొదలుపెట్టాడు. వెలగపూడి కోదండరామ పంతులు ఆయనకు గురువు. 1820లో పరీక్ష గట్టెక్కి కడపకు ఉద్యోగానికి వెళ్ళాడు. తరువాత తెలుగుకు ఆయన చేసిన నిఘంటువులు మనకు తెలిసినవే. ఆయన గొప్పతనం కాదనం. కానీ ఆయన చదువుకుంటుంటే కంపెనీ జీతం ఇచ్చింది. ఎదుట కూర్చుని చెప్పడానికి పంతులు ఉన్నాడు. మన చెల్లెలు రాత్రి డ్యూటీ చేసి, అప్పు తెచ్చి, అద్దంలో చూసుకుంటూ సాధన చేసింది. ఇద్దరినీ పోల్చి "మనవాళ్ళకు ఇంగ్లీషు ఒంటబట్టదు" అనడం న్యాయమా?

సహాయం లేకపోవడం ఒక ఎత్తు. సిగ్గు ఇంకొక ఎత్తు. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేళ్ళ కిందట యూత్ మీటింగులో ఒక తమ్ముడు ఇంగ్లీషులో సాక్ష్యం చెప్పబోయి 'ఇస్కూలు' అన్నాడు. వెనక బెంచీల్లో నవ్వులు. మైకు పక్కన నిలబడి మేమూ నవ్వాం. ఆ తమ్ముడు మళ్ళీ మైకు ముట్టలేదు.

న్యాయాధిపతులు 12వ అధ్యాయం చదివినప్పుడల్లా ఆ తమ్ముడే గుర్తొస్తాడు. యొర్దాను రేవుల దగ్గర గిలాదువారు కాపలా కాసి, దాటబోయిన ప్రతివాని చేత 'షిబ్బోలెతు' అనిపించారు. 'షి' పలకలేక 'సి' అన్నవారిని చంపారు. ఆ కాలంలో పడిపోయిన ఎఫ్రాయిమీయులు 42 వేలమంది. వాళ్ళు పరాయివాళ్ళు కారు, ఇశ్రాయేలు గోత్రీకులే. ఒక అక్షరం పలకడాన్ని బట్టి సొంత సహోదరుణ్ణి వేరుచేయడం బైబిలు మనకు చూపించిన పాపం. మనం ఈరోజు కత్తి పట్టం, నవ్వుతాం.

సరిహద్దు మనుషులకు ఇది బాగా తెలియాలి. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోకి, సత్యవేడు ప్రాంతం ఆంధ్రలోకి మారాయి. ఇటు మిగిలిన తెలుగువాళ్ళ తమిళాన్ని చూసి కొందరు నవ్వారు, తెలుగును చూసి ఇంకొందరు నవ్వారు. రెండు వైపులా నవ్వించుకున్నవాళ్ళం, మన పిల్లల ఇంగ్లీషును చూసి నవ్వవచ్చా?

అందుకని శనివారం సాయంత్రాలు సండే స్కూలు గదిని తెరిచాం. ఖర్చేమీ లేదు. రిటైరైన ఒక టీచరమ్మ, రైల్వేలో పనిచేసే ఒక అన్న, కాలేజీ పిల్లలు ఇద్దరు వచ్చి కూర్చుంటారు. నియమాలు మూడే. బట్టీ జవాబు చెప్పకూడదు. మాట్లాడేవారు ముగించేదాకా ఎవరూ దిద్దకూడదు. నవ్వినవారు తరువాత మాట్లాడాలి. ఒక చీటీ తీసి, నిమిషం ఆలోచించి, ఫోనులో టైమర్ పెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడతారు. ఆ మాటను రికార్డు చేసి వాళ్ళకే వినిపిస్తాం. చెల్లెలు తన మాట విన్నాక తనే కనిపెట్టింది: యాస కాదు ఇబ్బంది, నిన్న జరిగినదాన్ని ఈరోజు జరుగుతున్నట్టు చెబుతోంది. నాలుగో శనివారం, రాత్రి డ్యూటీలో ఒక ముసలమ్మ చేయి పట్టుకుని కూర్చున్న సంగతి చెప్పింది. టైమర్ మోగినా ఆపలేదు, మేమూ ఆపమనలేదు.

"పాస్టర్లు పిల్లల్ని విదేశాలకు తోలుతున్నారా?" అని అడిగేవారున్నారు. వెళ్ళమని మేము చెప్పం, వద్దనీ చెప్పం. వెళ్ళాలో ఉండాలో తేల్చుకోవలసింది ఆ బిడ్డ. ఆ నిర్ణయం ఆమె భయానికి గాని, ఏజెంటుకు గాని వదలకూడదు. ఒక్క హెచ్చరిక: పరీక్ష లేకుండానే పంపిస్తామనేవారికి, ఒరిజినల్ సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకుంటామనేవారికి దూరంగా ఉండండి.

ఇంకొక మాట. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా లేదు. ఆ హోదాతో ముడిపడిన కేంద్ర సహాయాలు మన పిల్లలకు అందవు. ఆ అన్యాయంపై పోరాటం ఆపకూడదు. అయితే తీర్పు వచ్చేదాకా మన చర్చి గదులకు వారమంతా తాళాలెందుకు?

పెంతెకొస్తు దినాన అందరూ ఒకే భాష మాట్లాడలేదు. ప్రతివాడూ తన సొంత భాషలో విన్నాడు. కాబట్టి ఇంగ్లీషు నేర్చుకోవడానికి తెలుగును తక్కువ చేయనక్కరలేదు, తమిళాన్ని మరవనక్కరలేదు. చెల్లెలు మళ్ళీ పరీక్షకు ఫీజు కట్టింది. ఫలితం ఏదైనా, "నాకు భాష రాదు" అనే మాట ఈమధ్య ఆమె నోట మేము వినలేదు.

మీ సంఘంలో ఒక గది ఉంది. వారానికి ఒక గంట కూర్చుని వినగలిగిన మనిషి ఒకరైనా ఉంటారు. ఈ శనివారం ఆ తలుపు తీయండి.