నడిరోడ్డున నిలిచిపోవు విద్యుత్ కార్లు

విద్యుత్ కారు నడిరోడ్డున హఠాత్తుగా శక్తి కోల్పోయినప్పుడు మొట్టమొదట నిందకు గురియగువాడు దానిని నడుపుచున్న మనుష్యుడే. ఛార్జింగు చూచుకొనలేదు కాబోలునని వెనుక వచ్చువారందురు. వాడుక తెలియక చెడగొట్టినాడని అమ్మినవారందురు. ఈ మాటలు వినివిని మాకు విసుగు పుట్టినది. గాదె నిండ ధాన్యముండియు తాళము తెరచుకొనక పస్తున్నవానిని సోమరి యనవచ్చునా?

ఇది అలంకారమునకై చెప్పిన మాట కాదు, యంత్రనిర్మాణమే అట్టిది. విద్యుత్ కారులో రెండు బ్యాటరీలుండును. చక్రములను త్రిప్పునది పెద్దది. అది కొన్ని కార్లలో 400 వోల్టులది, కొన్నింట 800 వోల్టులది. రెండవది పెట్రోలు కారులో నుండునట్టి 12 వోల్టుల చిన్న బ్యాటరీ. పెద్ద బ్యాటరీని మోటారుతో కలుపు స్విచ్చులను పట్టియుంచునది, కంప్యూటర్లను మేలుకొలిపి యుంచునది ఈ చిన్నదే. పెద్దదానినుండి దీనికి శక్తిని దించి యందించు పరికరము వేరొకటి కలదు. అది చెడెనా, చిన్న బ్యాటరీ కొంతసేపటికే వట్టిపోవును. పెద్దదానిలో మూడువందల కిలోమీటర్లకు చాలు శక్తి యున్నను బండి మందగించి, మందగించి, నిలిచిపోవును.

హ్యుందాయ్, కియా కార్లలో జరిగినది ఇదియే. 2023 జూనులో అమెరికా రహదారి భద్రతాసంస్థ అయోనిక్ 5 కార్లను గూర్చి విచారణ ప్రారంభించెను. సుమారు 39,500 కార్లకు గాను అప్పటికి చేరిన ఫిర్యాదులెన్ని? ముప్పది! ముప్పదిమంది మొర వినుటకు అచ్చట ఒక ప్రభుత్వ సంస్థకు చెవులున్నవి. 2024 మార్చిలో ఆ రెండు కంపెనీలును ఆ దేశమున 1,47,000 పైచిలుకు కార్లను వెనుకకు పిలిచినవి. ఆ యేటి నవంబరులో హ్యుందాయ్ 1,45,000 పైచిలుకు కార్లను పిలువవలసి వచ్చెను. ఒకమారు బాగుచేసితిమన్నవియు వానిలో నుండెను! మన దేశమున 2024 జూనులో 1,744 అయోనిక్ 5 కార్లను, జూలైలో 1,138 ఈవీ6 కార్లను, 2025 ఫిబ్రవరిలో 1,380 ఈవీ6 కార్లను ఆ కంపెనీలే పిలిచినవి. తామై పిలిచినందుకు వారిని మెచ్చుకొందుము. కాని కంపెనీ తనంత తాను పిలుచువరకు ప్రజలు కాచుకొని యుండవలసినదేనా?

చట్టము లేదా యనగా, కలదు. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమునందలి 110-ఏ సెక్షను 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ప్రాణహానికరమగు లోపమున్న వాహనములను వెనుకకు పిలువుమని కేంద్రప్రభుత్వము తయారీదారును ఆజ్ఞాపింపవచ్చును. ఆ లోపపు వార్త నిర్ణీత శాతము యజమానుల నుండియే రానక్కరలేదు; పరీక్షాసంస్థ చెప్పినను చాలును, మరి యే మూలమున తెలిసినను చాలును. సముద్రముల కావల ఒక ప్రభుత్వము బహిరంగముగా జరిపిన విచారణ ఈ మూలములలో చేరదా? చేతులు కట్టివేయబడినవని ఢిల్లీ వారు చెప్పుటకు వీలు లేదు.

మేము విద్యుత్ కార్లకు విరోధులము కాము. పెట్రోలు కార్లును ఆగును. అయిన వానిని విప్పి చూడగల మెకానిక్కు ప్రతి కూడలిలోను దొరకును. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము విద్యుత్ వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును తీసివేసినది. మంచి పనియే. మరి కొనుడని ప్రోత్సహించిన ప్రభుత్వమునకు, హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డున 2023 నుండి 120 కిలోమీటర్ల వేగము అనుమతించిన కుడి వరుసలలో కారు చచ్చుబడినచో, వెనుకనుండి దూసుకువచ్చు బండ్ల తలంపు రావలదా?

కారు తెరమీద వెలుగు హెచ్చరిక సాధారణముగా ఇంగ్లీషున నుండును. తెలుగున నాలుగు మాటలు అచ్చువేసి ప్రతి కొనుగోలుదారునకు ఇచ్చుట ఎంత పని? హెచ్చరిక కనబడగానే ఇల్లు చేరుదమను ఆశ విడిచి, మిగిలిన వేగముతోనే ఎడమ అంచునకు చేరవలెను. వెంటనే నాలుగు దీపములు వేయవలెను. స్టీరింగు బరువెక్కవచ్చును, బ్రేకు గట్టిపడవచ్చును. బలముగా త్రొక్కిన పనిచేయును. ఆగిన పిదప కారులో కూర్చుండరాదు. అందరును ఎడమవైపున దిగి కంచె కావలికి పోవలెను. జాతీయ రహదారి యైనచో 1033 నంబరునకు ఫోను చేయవలెను. త్రాడు కట్టి చక్రములమీద లాగింపరాదు, లారీపై నెక్కింపవలెను. ఇంతే.

ఇంతకు మేమడుగునది యొక్కటి. 2024, 2025 సంవత్సరములలో మన దేశమున పిలువబడిన ఆ కార్లలో ఎన్ని నిజముగా బాగుపడినవి, బాగుపడిన పిదప మరల ఎన్ని దారిలో ఆగినవి? కేంద్ర రవాణాశాఖ లెక్క తెప్పించి, పేరుపేరున పత్రికలకు ఈయవలెను.